పదిమందిలో పెరిగే బిడ్డ

బిడ్డకు నడక నేర్పడానికి మనం పుస్తకం తెరవం. చెయ్యి పట్టుకుంటాం, రెండడుగులు వేయిస్తాం, పడితే లేపుతాం. పదిమందితో మెలగడం కూడా ఒక నడకే. దానికీ చెయ్యి పట్టుకునే మనుషులు కావాలి. ఈ సంగతి చాలామంది తలిదండ్రులకు తోచదు. ‘మంచి బడిలో వేస్తే అదే వస్తుంది’ అనుకుంటారు. తీరా మూడేండ్ల పిల్లవాణ్ణి బడిలో చేర్చిన తరువాత, వాడు మూల కూర్చుని ఏడుస్తున్నాడనో, పక్క పిల్లను కొరికాడనో కబురు వస్తే, తప్పు బడిదో బిడ్డదో తేల్చుకోలేక సతమతమవుతారు.

నిజానికి తప్పు ఇద్దరిదీ కాదు. ఆ బడికి పోకముందే బిడ్డ చదవవలసిన బడి మరొకటి ఉన్నది. దానికి గంట లేదు, పలక లేదు. అమ్మ, నాన్న, మామ్మ, తాత, అప్ప, అన్న, పక్కింటి పిల్లలు – వీరే అందులో ఉపాధ్యాయులు. కోరాపుట్, రాయగడ జిల్లాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో ఆ బడి ఎలా నడిచేదో, ఇప్పుడెలా ఉన్నదో, అది మూతపడకుండా మనమేమి చేయగలమో ఈ నెల ముచ్చటించుకుందాం.

ఉంగా ఉంగా – మొదటి సంభాషణ

పుట్టిన రెండు మూడు రోజులకే బిడ్డ తన తల్లి గొంతును మరొక స్త్రీ గొంతునుంచి వేరుగా గుర్తిస్తుందని 1980లో అమెరికాలో డెకాస్పర్, ఫైఫర్ అనే శాస్త్రజ్ఞులు పరీక్షించి చూపారు. పసికందు నోట పాలపీక ఉంచి, చప్పరించే తీరును బట్టి ఒక్కొక్క గొంతు వినిపించేటట్లు అమర్చారు. పిల్లలు తల్లి గొంతు వినిపించే తీరునే ఎన్నుకున్నారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు వచ్చేసరికి బిడ్డ మన ముఖం చూసి నవ్వుతుంది. ఆ తరువాత ‘ఉంగా ఉంగా’ మొదలవుతుంది.

మామ్మ బిడ్డను చాపిన కాళ్ళమీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూ ఉంటుంది. బిడ్డ ‘ఉంగా’ అంటుంది. ‘అలాగా తల్లీ! ఇంకా ఏమిటి?’ అని అడిగి మామ్మ ఒక్క క్షణం ఆగుతుంది. బిడ్డ మళ్ళీ ‘ఉంగా’ అంటుంది. ఆ ఒక్క క్షణం ఆగడంలోనే మొదటి పాఠం ఉన్నది. ‘ఇప్పుడు నీ వంతు’ అని మామ్మ మాటల్లో చెప్పదు, ఊరుకుని చెబుతుంది. వంతులవారీగా మాట్లాడడం, ఎదుటివారి ముఖం చూడడం, వారు చెప్పేది వినడం – పెద్దయిన తరువాత మనం మర్యాద అని పిలిచేదానికి పునాది ఇక్కడ పడుతున్నది.

ఈ సంభాషణ తెగితే బిడ్డకు ఎలా ఉంటుందో 1970 దశకంలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు పరీక్షించాడు. తల్లి కొంతసేపు బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తరువాత రెండు మూడు నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో బిడ్డనే చూస్తూ ఊరుకుంటుంది. బిడ్డ మొదట నవ్వి పలకరిస్తుంది, చేతులు చాస్తుంది, కేక వేస్తుంది. అప్పటికీ జవాబు రాకపోతే ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. తల్లి ఎదురుగానే ఉన్నా, జవాబు లేని తల్లి బిడ్డకు దూరమైనట్టే. ఒడిలో బిడ్డను, చేతిలో సెల్‌ఫోనును పెట్టుకుని గంటలు గడిపే వారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

అయితే తల్లులు దిగులు పడవలసిన పని లేదు. తల్లీబిడ్డలు ఎల్లప్పుడూ ఒకే తాళంలో ఉండరనీ, తాళం తప్పడమూ తిరిగి కలుసుకోవడమూ రోజూ జరిగేవేననీ ట్రోనిక్ చెప్పాడు. కసిరిన తరువాత దగ్గరకు తీసుకున్నప్పుడు బిడ్డ ఒక గొప్ప సంగతి నేర్చుకుంటుంది – మనుషుల మధ్య వచ్చిన ఎడం మళ్ళీ పూడుతుందని.

చంక దిగడానికి ధైర్యం

చంకనే ఉంచుకుంటే బిడ్డ పిరికివాడవుతాడని కొందరు పెద్దలు అంటూ ఉంటారు. శాస్త్రం చెప్పేది వేరు. మేరీ ఎయిన్స్‌వర్త్ అనే విదుషి 1954, 55 సంవత్సరాలలో ఆఫ్రికాలోని ఉగాండాలో, కంపాలా చుట్టుపక్కల పల్లెలలో, 26 కుటుంబాల పసిపిల్లలను వారి ఇళ్ళకే వెళ్ళి నెలల తరబడి గమనించారు. దోగాడే బిడ్డ తల్లిని విడిచి కొంత దూరం పోయి వింతలు చూస్తుంది. భయం వేస్తే తిరిగి తల్లిని చేరుతుంది. సేద తీరిన వెంటనే మళ్ళీ బయలుదేరుతుంది. పడవకు రేవు ఎలాంటిదో బిడ్డకు తల్లి అలాంటిది. తిరిగి చేరే రేవు ఉన్నదన్న నమ్మకం ఉంటేనే పడవ దూరం పోతుంది. కనుక ఏడ్చినప్పుడు ఎత్తుకోవడం గారాబం కాదు, ధైర్యం పోయడమే.

ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో బిడ్డ కొత్త ముఖాన్ని చూస్తే బెదురుతుంది. తనవారెవరో పైవారెవరో తెలిసిందనడానికి అదే గుర్తు. భోగి నాడు రేగుపళ్ళు పోసే పేరంటానికి వచ్చినవారందరూ అలాంటి బిడ్డను చేతులు మార్చి మార్చి ఎత్తుకుంటే, ఏడవక ఏమి చేస్తుంది? తల్లి ఒడిలోనే కూర్చోనివ్వాలి. వచ్చినవారు ఎడంగా ఉండి తల్లితో నవ్వుతూ మాట్లాడాలి. తల్లి నవ్వు చూసి బిడ్డ తనంతట తానే చెయ్యి చాస్తుంది. అంతమందిలో దాన్ని ‘మొండిది’, ‘సిగ్గుమాలోకం’ అనడం తగదు. ఆ పేర్లు బిడ్డకు అతుక్కుంటాయి.

తగవులలో ఉన్న చదువు

1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పిల్లలకు ఒక చిన్న కథ చెప్పి ప్రశ్న వేశారు. ఒక పిల్లవాడు చాకొలెట్టును ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి పోయాడు. వాడు లేనప్పుడు తల్లి దాన్ని మరో అలమరలోకి మార్చింది. తిరిగి వచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేండ్ల పిల్లలలో చాలామంది, చాకొలెట్టు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో అక్కడే వెతుకుతాడని చెబుతారు. తమకు తెలిసినది అందరికీ తెలుసునని వారి నమ్మకం. నాలుగైదేండ్లు వచ్చేసరికి, ‘పాపం వాడికి తెలియదు కదా, మొదట పెట్టిన చోటనే వెతుకుతాడు’ అంటారు. ఎదుటివాడి మనసు వేరు, తన మనసు వేరు అన్న తెలివి అది. జాలి, ఓర్పు, రాజీ అన్నీ దానినుంచే మొలుస్తాయి.

ఈ తెలివి తోబుట్టువులు ఉన్న పిల్లలకు కొంత ముందుగా వస్తున్నదని 1994లో పెర్నరూ ఆయన సహచరులూ ప్రకటించారు. అప్ప దాచిన తాయిలం తమ్ముడు కనిపెట్టడం, అన్న అలిగితే చెల్లెలు బతిమాలడం, ‘నువ్వు దొంగవి, నేను దొరను’ అని పాత్రలు పంచుకోవడం – ఇవన్నీ ఎదుటి మనసును చదివే సాధనలే. అయితే ఒక్కగానొక్క బిడ్డ ఉన్నవారు నిరాశ పడనక్కరలేదు. ఇంట్లో మనసులోని సంగతులు మాట్లాడుకునే అలవాటు ఉంటే పిల్లలకు ఎదుటివారి మనసు బాగా తెలుస్తుందని జూడీ డన్ అనే ఆమె 1991లో చూపారు. ‘మామ్మ ఎందుకు మాట్లాడడం లేదు? మోకాలు నొప్పిగా ఉన్నదేమో, అడిగి రా’ – ఇలాంటి ఒక్క మాట పది నీతిపద్యాల పని చేస్తుంది.

కొట్టుకున్న పిల్లలను విడదీసేటప్పుడు కూడా ఇదే ఉపాయం. ‘సారీ చెప్పు’ అని మెడలు వంచితే మాట వస్తుంది, మనసు రాదు. ‘చూడు, దాని చెయ్యి ఎర్రగా అయింది. నీకు ఇలా అయితే ఎలా ఉంటుంది?’ అని చూపించాలి. ఆ తరువాత కాసేపు ఓపిక పట్టాలి.

సాయం చేయాలన్న కోరిక పిల్లలకు మనం నేర్పనక్కరలేదు. అది వారిలోనే ఉన్నది. ఏడాదిన్నర బిడ్డల ఎదుట ఒకాయన బట్టలు ఆరవేస్తూ క్లిప్పు జారవిడిచి అందుకోలేనట్టు నటిస్తే, చాలామంది బిడ్డలు తామే పోయి తెచ్చి ఇచ్చారని 2006లో వార్నెకెన్, టొమసెల్లో అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన ఇళ్ళలో బిడ్డ చీపురు పట్టుకుని వెంట పడితే ‘అడ్డం రాకు’ అని పంపేస్తాం. చిక్కుడుకాయల బుట్ట ముందు పెట్టి నాలుగు కాయలు తుంచనిస్తే పని ఆలస్యమవుతుంది, నిజమే. కాని ‘నేను ఈ ఇంటికి పనికివస్తాను’ అన్న భావం అక్కడే పుడుతుంది.

ఆటలకూ ఒక క్రమం ఉన్నది. రెండునుంచి అయిదేండ్లలోపు పిల్లల ఆటలు గమనించి మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో ఒక వ్యాసం ప్రకటించారు. బిడ్డ మొదట ఒంటరిగా ఆడుతుంది. తరువాత పక్కన కూర్చుని, అదే ఆటను, కాని ఎవరిది వారుగా ఆడుతుంది. ఆ పిమ్మట వస్తువులు ఇచ్చి పుచ్చుకుంటుంది. చివరకే కలిసి ఒక ఆట కట్టుతుంది. రెండేండ్ల బిడ్డ తన బొమ్మను పక్కబిడ్డకు ఇవ్వలేదని ‘పిసినారి’ అనడం, అయిదో నెలలో నడవలేదని కోప్పడడం లాంటిది. గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు ఆ చివరి మెట్టు ఆటలు. అందులో వియ్యపురాలు ఎవరో, వంటమనిషి ఎవరో పిల్లలే తేల్చుకోవాలి.

వరసలు చెప్పే పాఠం

మన భాషలో ‘నువ్వు’ ఒకటి, ‘మీరు’ ఒకటి. ఒడియాలో ‘తు’, ‘తుమే’, ‘ఆపణ’ అని మూడు. ఒక మాట అనేముందు బిడ్డ తన ఎదుట నిలుచున్నది ఎవరో, తనకు వారు ఏమవుతారో ఆలోచించక తప్పదు. పిన్ని, అత్త, పెద్దమ్మ, మేనమామ – ఒక్కొక్క పిలుపులో ఒక్కొక్క చనువు, ఒక్కొక్క హద్దు ఉన్నవి. అందరినీ ‘ఆంటీ’, ‘అంకుల్’ అనిపిస్తే పిలుపు సులువవుతుంది గాని, ఆ చిన్న లెక్క వేసుకునే అవకాశం బిడ్డకు పోతుంది.

మన ప్రాంతపు వీధులలో ఈ పాఠం రెండింతలు. ఇంట్లో అప్ప, పక్కింట్లో అపా లేదా నానీ. ఇంట్లో పిన్ని, ఎదురింట్లో మావుసీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం కాకముందు ఈ జయపురం సీమ మదరాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలో ఉండేది. ఆ తరువాత కోరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న దానినుంచి రాయగడ జిల్లా విడివడింది. సరిహద్దులు మారినా రాయగడ, గుణుపురం, జయపురం వీధులలో తెలుగు, ఒడియా, కువి, దేశియా మాటలు కలిసే వినబడుతూ వచ్చినవి. మజ్జిగౌరమ్మ గుడికి ఒడియావారూ, విజయనగరం, శ్రీకాకుళం వైపునుంచి తెలుగువారూ కలిసే వస్తారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగు, ఒడియా రెండింటా పండితులు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు పోషకులు.

ఇన్ని భాషలు వింటే బిడ్డ తికమక పడదా అని కొందరు తల్లులు అడుగుతారు. ఒడిశాలోనే దీనికి జవాబు దొరికింది. అజిత్ మహంతి అనే మనస్తత్త్వ శాస్త్రవేత్త ఫుల్బణి ప్రాంతపు కంధ పిల్లలను పరీక్షించారు. కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు, ఒడియా ఒక్కటే వచ్చిన కంధ పిల్లలకంటే భాష తీరుతెన్నులను గురించిన ప్రశ్నలలో ముందున్నారు. బిడ్డకు రెండో భాష బరువు కాదు. మొదటి భాషను తీసివేసి దాని స్థానంలో రెండోదాన్ని పెట్టడమే బరువు.

ఈ సత్యాన్ని మన గిడుగు రామమూర్తి పంతులు ఏనాడో గ్రహించారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయింది. గుణుపురం చుట్టూ ఉన్న కొండలు ఆ సవరల నివాసాలే. 2006–07లో ఒడిశా ప్రభుత్వం సవర, కువి మొదలైన గిరిజన భాషలలో బడి చదువు ఆరంభించింది. బడిలోనే తల్లిభాషకు చోటు వచ్చిన ఈ రోజులలో, మన ఇంట్లో మనమే తెలుగును గడప దాటించడం సబబా?

ఇప్పటి ఇళ్ళు

ఉమ్మడి ఇళ్ళు పోయినవని వగచడం మా ఉద్దేశం కాదు. ఆ ఇళ్ళలో లోపాలూ ఉండేవి. పదేండ్ల ఆడపిల్ల బడి మాని తమ్ముణ్ణి చంకన మోసేది. పెద్దల మధ్య పిల్లలకు నోరు మెదిపే వీలు ఉండేది కాదు. దెబ్బలే నీతిపాఠాలు. అవి తిరిగి రానక్కరలేదు. కాని ఆ ఇళ్ళలో ఒక సంపద ఊరికే దొరికేది. తల్లి పనిలో ఉంటే బిడ్డకు మరొక ముఖం, మరొక ఒడి, మరొక గొంతు ఉండేది.

జేకేపూరు, సునాబెడ, దామంజోడి క్వార్టర్లలో ఉన్న మన కుటుంబాలకు, విశాఖలోనో బెంగుళూరులోనో ఉద్యోగాలలో ఉన్న మన పిల్లలకు ఆ సంపద ఊరికే దొరకడం లేదు. తల్లి, తండ్రి, బిడ్డ, మూసిన తలుపు. అన్నం తినిపించడానికి సెల్‌ఫోను. ఏడాది నిండని బిడ్డకు తెర అసలే వద్దనీ, రెండేండ్లనుంచి నాలుగేండ్లదాకా రోజుకు గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెరలోని బొమ్మ బాగానే మాట్లాడుతుంది. కాని బిడ్డ ‘ఉంగా’ అంటే ఆగి వినదు. మామ్మ చేసే పని అది చేయలేనిది ఇక్కడే.

మరొక చిక్కు మా కంటికి కనబడుతున్నది. సెలవులకు మనుమడు రాయగడ వస్తాడు. వాడికి ఇంగ్లీషు, హిందీ వచ్చును. మామ్మకు తెలుగు, ఒడియా వచ్చును. ఇద్దరికీ ప్రేమ ఉన్నది, మాట లేదు. మామ్మ వాడికి జంతికలు పెడుతుంది, తల నిమురుతుంది, అక్కడితో ఆగిపోతుంది. వాడికి ఒక భాష పోయిందని అందరూ అంటారు. పోయింది భాష ఒక్కటే కాదు. ఎంతసేపైనా విసుగు లేకుండా వాడి మాట వినగల మనిషి పోయింది.

మనం చేయదగినవి

ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నవి.

రోజుకు ఒక్క పూటైనా బిడ్డకు మాటలతో అన్నం తినిపించండి. తెర వద్దు. వంతు ఇచ్చి మాట్లాడండి. బిడ్డ జవాబుకు ఆగండి.

దూరాన ఉన్న తాతలు, మామ్మలు ఫోనులో ‘బాగున్నావా, తిన్నావా’ అని ఊరుకోక, ఒక కథను సగం చెప్పి ‘తరువాత ఏమయిందో నువ్వు చెప్పు’ అని అడగండి. ముఖం కనబడే ఫోను అయితే మరీ మంచిది. పక్కన తల్లి కూర్చుని మాట అందించాలి.

క్వార్టర్లలో వారానికి రెండు సాయంత్రాలు నాలుగిళ్ళ పిల్లలను ఒక ఇంట చేర్చండి. ఏ భాషవారైనా సరే. ఖరీదైన బొమ్మలు వద్దు. గిన్నెలు, గుడ్డలు, ఇసుక చాలు. పెద్దలు ఒకరు కనిపెట్టి ఉండాలి గాని, ప్రతి తగవులోనూ తీర్పు చెప్పరాదు.

మూడేండ్లు నిండిన బిడ్డకు అంగన్‌వాడీ దగ్గరలో ఉంటే వెనుకాడకండి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన ఆ పథకంలో పోషణతోపాటు ఆటపాటలూ ఉన్నవి. ‘మన స్థాయికి తగదు’ అనుకోవడం తగదు. అన్ని ఇళ్ళ పిల్లలతో ఆడిన బిడ్డకే అందరితో మెలగడం వస్తుంది.

మన సంఘం కూడా ఒక పని చేయవచ్చు. బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావుగారు మదరాసు రేడియోలో రేడియో అన్నయ్యగా, ఆయన భార్య కామేశ్వరిగారు రేడియో అక్కయ్యగా ఒక తరం తెలుగు పిల్లలను పోగుచేశారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. ఒడిశా గడ్డమీద పుట్టినవారు చేసిన పని అది. మనకు రేడియో అక్కరలేదు. నెలకొక ఆదివారం ఒక గది, ఒక చాప, కథ చెప్పగల ఇద్దరు మామ్మలు ఉంటే చాలు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొందరు పిల్లలు నిదానంగా కలుస్తారు. అది స్వభావం. కాని ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వేలితో దేనినీ చూపకపోయినా, ముఖంలోకి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా ‘పెద్దయితే అదే వస్తుంది’ అని ఊరుకోకండి. ముందు చెవులు పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీలోనో జిల్లా ఆసుపత్రిలోనో అడగండి. ఇది తల్లి పెంపకపు తప్పు కాదు. ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు.

మన తాతలు ఈ కొండలలోకి వచ్చినప్పుడు పొరుగువారి భాష నేర్చుకుని, తమ భాషను ఇంట నిలుపుకుని బ్రతికారు. పరాయివారితో కలిసిపోవడమూ, తనవారిని మరవకపోవడమూ వారికి రెండు వేరు విద్యలు కావు. ఆ విద్యను వారు ఏ బడిలోనూ చదవలేదు. అరుగుమీద, పెరటిలో, పక్కింటి గుమ్మంలో నేర్చుకున్నారు. అరుగులు పోయినా మనుషులు ఉన్నారు. బిడ్డ పలకరించినప్పుడు చేతిలోని పని ఒక్క నిమిషం పక్కన పెట్టి, ‘ఇంకా ఏమిటి?’ అని అడిగే మనిషి ప్రతి ఇంట ఉండాలి. ఆ మనిషి మనమే కావాలి.